స్పేషియల్ ఆడియో: పెద్దగట్టు భేరీల మోత హెడ్‌ఫోన్‌లో చుట్టూ వినిపించాలంటే.. సెటప్ నుంచి మిక్సింగ్ దాకా ఇదీ లెక్క!

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంటే.. ముందు నుంచి భేరీల మోత, పక్కన గజ్జెల చప్పుడు, వెనుక నుంచి ‘ఓ లింగా.. ఓ లింగా’ కేకలు. అక్కడ నిల్చున్న మనిషికి ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది. అదే జాతర పాటను ఫోన్‌లో పెట్టుకుని వింటే మాత్రం అన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద. ఈ తేడాను తగ్గించేదే స్పేషియల్ ఆడియో. దీనికి పెద్ద థియేటర్, డజను స్పీకర్లు ఉండాల్సిందే అనుకుంటారు చాలామంది. కానీ ఓ ల్యాప్‌టాప్, ఓ మంచి వైర్డ్ హెడ్‌ఫోన్ ఉంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఇంట్లో కూర్చుని కూడా ఈ పని మొదలుపెట్టొచ్చు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ వివరాలు ఇవీ..

అసలు స్పేషియల్ ఆడియో అంటే ఏంటి?

మనిషికి ఉన్నవి రెండే చెవులు. అయినా ముందు, వెనుక, పైన, కింద.. శబ్దం ఎటు నుంచి వచ్చినా పట్టేస్తాడు. ఎలాగంటే.. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఎడమ వైపు నుంచి వచ్చిన చప్పుడు ముందు ఎడమ చెవికి, ఆ తర్వాత కుడి చెవికి చేరుతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ 0.6 నుంచి 0.7 మిల్లీ సెకన్లే. ఆ చిన్న తేడాను మెదడు లెక్కగడుతుంది. దానికి తోడు తల అడ్డం రావడం వల్ల రెండో చెవిలో సౌండ్ కాస్త తగ్గుతుంది. చెవి డొప్ప ఆకారం వల్ల పై నుంచి వచ్చే శబ్దం ఒకలా, వెనుక నుంచి వచ్చేది మరోలా మారుతుంది.

ఈ మార్పులన్నింటినీ కొలిచి, లెక్కల రూపంలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. డప్పును వెనుక పెట్టమని చెబితే.. వెనుక నుంచి వస్తే రెండు చెవుల్లో ఎలా వినిపిస్తుందో అలా ఆ సౌండ్‌ను మార్చేస్తుంది. దీన్నే బైనారల్ అంటారు. వినడానికి మామూలు హెడ్‌ఫోన్ చాలు. మామూలు స్టీరియోలో ఎడమ, కుడి మాత్రమే ఉంటాయి. ఇందులో ముందు, వెనుక, ఎత్తు, దూరం కూడా వస్తాయి. అదీ తేడా.

థియేటర్ నుంచి ఫోన్‌లోకి..

డాల్బీ అట్మాస్ మొదట వచ్చింది సినిమాకే. 2012లో హాలీవుడ్ యానిమేషన్ చిత్రం ‘బ్రేవ్’తో మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో రజనీకాంత్ ‘శివాజీ 3డీ’తో మన దేశంలోకి అడుగుపెట్టింది. 2022 మార్చి 25న వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’.. డాల్బీ సినిమా ఫార్మాట్‌లో విడుదలైన తొలి భారతీయ చిత్రంగా నిలిచింది. ఇక పాటల విషయానికొస్తే.. 2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్ స్పేషియల్ ఆడియోను తెచ్చింది. అప్పటి నుంచి హెడ్‌ఫోన్‌లో వినేవాళ్లకూ ఈ సౌండ్ దగ్గరైంది.

అట్మాస్‌లో మొత్తం 128 ఛానళ్ల దాకా వాడుకోవచ్చు. ఇందులో రెండు రకాలుంటాయి. ఒకటి బెడ్. అంటే పరుపులా చుట్టూ పరిచి ఉంచే సౌండ్. జనం గోల, గాలి, గది ప్రతిధ్వని లాంటివి ఇందులో వేస్తారు. రెండోది ఆబ్జెక్ట్. అంటే ఫలానా చోట ఉండాలి, ఫలానా వైపు కదలాలి అని విడిగా చెప్పే సౌండ్. వేణువు ఒక ఆబ్జెక్ట్, తాళం ఒక ఆబ్జెక్ట్.. అలా అన్నమాట. వినేవాళ్ల దగ్గర 12 స్పీకర్లున్నా, రెండు చెవుల హెడ్‌ఫోన్ ఉన్నా దానికి తగ్గట్టు ఆ పరికరమే సర్దుకుంటుంది.

8డీ పాటలూ ఇదీ ఒకటేనా?

కానే కాదు. యూట్యూబ్‌లో ‘8డీ ఆడియో’ అని కనిపించే పాటల్లో చాలావరకు జరిగేది ఒక్కటే. తయారైపోయిన స్టీరియో పాట మొత్తాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిప్పి, కాస్త రివర్బ్ కలుపుతారు. గొంతు, డప్పు, కీబోర్డ్ అన్నీ కట్టగట్టుకుని తిరుగుతాయి. నిజమైన స్పేషియల్ మిక్స్‌లో ప్రతి వాయిద్యం విడిగా ఉంటుంది. ఏది ఎక్కడ ఉండాలో మిక్స్ చేసేవాళ్లే నిర్ణయిస్తారు. అందుకే దీనికి విడివిడి ట్రాకులు తప్పనిసరి. ఎప్పుడో చేసిన పాట ఎంపీ3 ఒక్కటే చేతిలో ఉంటే దాన్ని అసలైన స్పేషియల్ మిక్స్‌గా మార్చడం కుదరదు. ‘ఎంపీ3 ఇస్తే అట్మాస్ చేసిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

ఇంకో విషయం. డాల్బీ అట్మాస్ అనేది ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్. మామూలు స్టీరియో పాటకు ఆ పేరు, లోగో తగిలించడం సరైంది కాదు. ‘హెడ్‌ఫోన్‌తో వినండి’ అని రాసుకుంటే సరిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: పాట ఎక్కడ వింటారు?

ఇదే అసలు ప్రశ్న. జానపద పాటలు ఎక్కువగా చేరేది యూట్యూబ్‌కే. మామూలు వీడియోగా అప్‌లోడ్ చేస్తే ఫోన్‌లో వినేవాళ్లకు అందేది రెండు ఛానళ్ల స్టీరియోనే. అట్మాస్ ఫైల్ తయారుచేసినా అక్కడ అట్మాస్‌గా ప్లే అవ్వదు. కాబట్టి యూట్యూబ్ కోసమైతే బైనారల్ స్టీరియో మిక్స్ చేసుకోవడమే దారి. ఆ ఫైల్ చూడటానికి మామూలు రెండు ఛానళ్ల వేవ్ ఫైలే. స్పేషియల్ పని అంతా దాని లోపలే ఉంటుంది.

360 డిగ్రీల వీడియోలకు మాత్రం యూట్యూబ్‌లో అంబిసోనిక్ సౌండ్ పెట్టొచ్చు. చూసేవాళ్లు ఫోన్‌ను ఎటు తిప్పితే సౌండ్ కూడా దానికి తగ్గట్టు తిరుగుతుంది. యాపిల్ మ్యూజిక్, అమెజాన్ మ్యూజిక్ లాంటి చోట్ల అట్మాస్ పాటలు ప్లే అవుతాయి. అక్కడికి పంపాలంటే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లాలి. అట్మాస్ ఫైల్‌తో పాటు స్టీరియో ఫైల్ కూడా ఇవ్వాలి. రెండింటి నిడివి ఒకేలా ఉండాలి.

చిన్న ఛానల్ నడిపేవాళ్లకు ముందు బైనారల్ మిక్స్, ఆ తర్వాతే అట్మాస్.. ఈ వరుసలో వెళ్తే ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏముంది?

లాజిక్ ప్రో: యాపిల్ మ్యాక్ ఉన్నవాళ్లకు సులువైన దారి. 2021 అక్టోబర్‌లో వచ్చిన 10.7 వెర్షన్ నుంచి అట్మాస్ లోపలే ఉంది. విడిగా ఏమీ కొనక్కర్లేదు.

క్యూబేస్ ప్రో, న్యూఎండో: క్యూబేస్ ప్రోలో వెర్షన్ 12 నుంచి, న్యూఎండోలో వెర్షన్ 11 నుంచి అట్మాస్ రెండరర్ లోపలే ఇచ్చారు. విండోస్‌లోనూ నడుస్తుంది.

ప్రో టూల్స్: 2023.12 వెర్షన్ నుంచి స్టూడియో, అల్టిమేట్ ఎడిషన్లలో రెండరర్ ఉంది.

రీపర్: 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత చిన్న యూజర్లకు లైసెన్స్ 60 డాలర్లు. అట్మాస్ ఫైల్ నేరుగా ఇవ్వదు కానీ, ఒక్కో ట్రాక్‌లో ఎక్కువ ఛానళ్లు నడుపుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న ఐఈఎం సంస్థ ఉచితంగా ఇస్తున్న ప్లగిన్లతో బైనారల్ మిక్స్ బ్రహ్మాండంగా చేసుకోవచ్చు.

పాత విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు రీపర్ ప్లస్ ఐఈఎం ప్లగిన్లు.. తక్కువ ఖర్చులో అయిపోయే సెటప్ ఇదే. క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి పోవాల్సిన పనే లేదు.

మిల్లు చప్పుడు, లారీ హారన్‌లతో జాగ్రత్త!

మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. సూర్యాపేట, కోదాడల మీదుగా వెళ్లేది హైదరాబాద్-విజయవాడ హైవే. రాత్రీ పగలూ లారీలు. ఇంట్లో రికార్డింగ్ చేసేవాళ్లకు ఇది తెలిసిన బాధే. స్టీరియోలో ఈ రొద కొంతవరకు పాట కింద దాక్కుంటుంది. స్పేషియల్ మిక్స్‌లో అలా కుదరదు. కోరస్ ట్రాక్‌ను వెనక్కి పెడితే ఆ ట్రాక్‌లో ఉన్న ఫ్యాన్ చప్పుడు కూడా వెనక్కి వెళ్లి విడిగా వినిపిస్తుంది. నాలుగు ట్రాకులుంటే నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నట్టే!

అందుకే రికార్డింగ్ టైంలో ఫ్యాన్, కూలర్ ఆపేయాలి. మైక్ వెనుక, పక్కల మందపాటి దుప్పట్లు వేలాడదీయాలి. పాడే గొంతు ట్రాక్‌కు సుమారు 80 హెర్ట్జ్ కింద లో-కట్ పెడితే మిల్లు గుయ్‌మనే మోత చాలావరకు పోతుంది. పాడని చోట ట్రాక్‌ను కత్తిరించి ఖాళీగా ఉంచాలి.

హెడ్‌ఫోన్ విషయానికొస్తే వైర్ ఉన్నదే వాడాలి. బ్లూటూత్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుంది. కొన్ని హెడ్‌ఫోన్లు తమ సొంత ఎఫెక్టులు కూడా కలుపుతాయి. ల్యాప్‌టాప్‌లో విండోస్ సోనిక్, ఫోన్‌లో డాల్బీ మోడ్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయాలి. లేదంటే బైనారల్ మీద ఇంకో ఎఫెక్ట్ పడి సౌండ్ మొత్తం బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

రీపర్‌లో సెటప్.. స్టెప్ బై స్టెప్

1. కొత్త ప్రాజెక్ట్ తెరిచి శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్‌గా పెట్టాలి. రికార్డింగ్ 24 బిట్‌లో ఉండాలి. మిక్సింగ్ టైంలో బఫర్ 512 పెట్టుకుంటే ల్యాప్‌టాప్ తడబడదు.

2. ‘స్పేషియల్ బస్’ అనే పేరుతో ఓ కొత్త ట్రాక్ తీసుకోవాలి. రూటింగ్‌లోకి వెళ్లి ఆ ట్రాక్ ఛానళ్లను 16 చేయాలి. మూడో ఆర్డర్ అంబిసోనిక్స్‌కు కావాల్సినవి సరిగ్గా 16 ఛానళ్లు.

3. డప్పు, తాళం, కోరస్, వేణువు.. ఇలా చుట్టూ పరచాలనుకున్న ప్రతి ట్రాక్‌నూ 16 ఛానళ్లుగా మార్చాలి. ఒక్కోదానిపై ఐఈఎం స్టీరియో ఎన్‌కోడర్ వేయాలి. ఇందులో గోళం లాంటి బొమ్మ కనిపిస్తుంది. దాని మీద చుక్కను జరిపితే సౌండ్ జరుగుతుంది.

4. ఈ ట్రాకుల నుంచి మాస్టర్‌కు వెళ్లే దారి ఆపేసి, స్పేషియల్ బస్‌కు సెండ్ ఇవ్వాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. సెండ్ మామూలుగా 1, 2 ఛానళ్లకే ఉంటుంది. దాన్ని మల్టీఛానల్‌లోకి మార్చి 1 నుంచి 16 దాకా వెళ్లేలా పెట్టాలి. లేకపోతే ఎన్‌కోడర్ ఎంత తిప్పినా సౌండ్ సరైన చోట కూర్చోదు.

5. స్పేషియల్ బస్ మీద ఐఈఎం బైనారల్ డీకోడర్ వేయాలి. అది 16 ఛానళ్లను హెడ్‌ఫోన్‌కు కావాల్సిన రెండు ఛానళ్లుగా మారుస్తుంది. అవి మాస్టర్‌కు వెళ్తాయి.

6. పరీక్ష కోసం ఓ చప్పట్ల ట్రాక్ పెట్టి అజిముత్‌ను 90కి జరపాలి. చప్పుడు పూర్తిగా ఎడమ వైపు నుంచి రావాలి. మైనస్ 90కి జరిపితే కుడి వైపు నుంచి రావాలి. వస్తే సెటప్ అయిపోయినట్టే.

లాజిక్ ప్రోలో అయితే పని ఇంకా తక్కువ. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్లి స్పేషియల్ ఆడియో దగ్గర డాల్బీ అట్మాస్ ఎంచుకుంటే మాస్టర్ మీద అట్మాస్ ప్లగిన్ వచ్చి కూర్చుంటుంది. ఆబ్జెక్ట్‌గా ఉండాల్సిన ట్రాక్‌కు పాన్ దగ్గర 3డీ ఆబ్జెక్ట్ పానర్ ఎంచుకోవాలి. ప్లగిన్‌లో మానిటరింగ్‌ను బైనారల్‌గా మార్చుకుంటే హెడ్‌ఫోన్‌తో పని మొదలుపెట్టొచ్చు.

జాతర పాటలో ఏ శబ్దం ఎక్కడ?

లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. రాష్ట్రంలో మేడారం తర్వాత రెండో పెద్ద జాతరగా దీన్ని చెబుతారు. అలాంటి జాతర మీద పాట చేస్తే వాయిద్యాలను ఇలా పరచుకోవచ్చు.

ప్రధాన గొంతు: ముందు, నడిమధ్యన. దీన్ని కదిలించొద్దు. ఇంకో చిట్కా ఏంటంటే.. ఈ ఒక్క ట్రాక్‌ను స్పేషియల్ బస్‌లోకి పంపకుండా నేరుగా మాస్టర్‌కు పంపాలి. బైనారల్ లెక్కల్లోంచి వెళ్తే గొంతు రంగు కాస్త మారుతుంది. నేరుగా వెళ్తే మాట స్పష్టంగా ఉంటుంది. అట్మాస్‌లో అయితే ఆ ట్రాక్‌కు బైనారల్ మోడ్ ఆఫ్‌లో పెడతారు. అయితే యాపిల్ మ్యూజిక్ ఈ సెట్టింగ్‌ను పట్టించుకోదు. తన సొంత పద్ధతిలోనే ప్లే చేస్తుంది. కాబట్టి అక్కడికి పంపేవాళ్లు యాపిల్ రెండరర్‌లోనూ విని చూసుకోవాలి.

భేరీలు, డప్పులు: ముందు వైపే, ఎడమ 30, కుడి 30 డిగ్రీల దగ్గర. లోతైన మోత ఎటు నుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు. కర్ర తగిలే టక్ మనే శబ్దమే దిక్కు చెబుతుంది. అందుకే డప్పు పై ఫ్రీక్వెన్సీలు శుభ్రంగా ఉండాలి.

గజ్జెలు, తాళాలు: పక్కలకు, కాస్త ఎత్తులో. ఇవి సన్నని శబ్దాలు కాబట్టి ఎత్తు బాగా తెలుస్తుంది. ఏదైనా కదిలించాలనుకుంటే గజ్జెలనే కదిలించాలి. గంపలతో గుడి చుట్టూ తిరిగే ఘట్టం పాటలో వస్తే, ఆ చరణంలో గజ్జెలు ఒక్కసారి చుట్టూ తిరిగితే అందం. పాటంతా తిరిగితే తలనొప్పి.

కోరస్: వెనుక ఎడమ, వెనుక కుడి. నలుగురు పాడితే నలుగురినీ నాలుగు చోట్ల పెట్టాలి. ఒకే గొంతును కాపీ చేసి నాలుగు చోట్ల పెడితే ఆ మాయ పని చేయదు. విడివిడిగా నాలుగుసార్లు పాడించాల్సిందే.

జనం గోల: చుట్టూ, తక్కువ సౌండ్‌లో. ఇది బెడ్‌లా పని చేస్తుంది. పల్లవి మొదలుకాగానే కాస్త తగ్గించాలి.

వెనుక పెట్టిన సౌండ్ ఒక్కోసారి ముందు నుంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. బైనారల్‌లో ఇది మామూలు ఇబ్బంది. వెనుక సౌండ్‌లో పై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గించి, ముందు వాటికంటే రివర్బ్ కొంచెం ఎక్కువిస్తే తేడా తెలుస్తుంది.

జాతర శబ్దాన్ని పట్టుకోవడం ఎలా?

నాలుగు మైక్‌లు ఒకేచోట అమర్చిన అంబిసోనిక్ రికార్డర్ ఉంటే చుట్టూ ఉన్న శబ్దం అంతా ఒకేసారి రికార్డవుతుంది. అది లేనివాళ్లకూ దారి ఉంది. కాలర్‌కు పెట్టుకునే చిన్న మైక్‌లు రెండు తీసుకుని, వాటిని సొంత చెవుల పక్కనే అమర్చుకుని స్టీరియోగా రికార్డ్ చేస్తే చాలు. తలే మైక్ స్టాండ్‌గా పని చేస్తుంది. గాలి కొట్టకుండా స్పాంజ్ తొడగాలి. భేరీల మోత ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి మీటర్ మైనస్ 12 డీబీ దాటకుండా చూసుకోవాలి. ఇలా రికార్డ్ చేసిన దాన్ని మళ్లీ ఎన్‌కోడర్‌లోకి పంపకూడదు. అది అప్పటికే బైనారల్. నేరుగా మాస్టర్‌కు పంపాలి.

రివర్బ్ కోసం కూడా ఊరి దగ్గరే వనరుంది. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి గుళ్లున్నాయి. అలాంటి రాతి మండపంలో ఒక్క చప్పట కొట్టి, అది ఆగిపోయే దాకా రికార్డ్ చేసి, రీపర్‌లోని రీవర్బ్ ప్లగిన్‌లో వేస్తే ఆ మండపంలో పాడినట్టే వినిపిస్తుంది. అయితే గుడి వాళ్ల అనుమతి తీసుకున్నాకే ఆ పని చేయాలి.

సౌండ్ పెంచితే సరిపోతుందా?

డీజే పాటలకు అలవాటైన చెవి ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. అట్మాస్ మ్యూజిక్‌కు పరిమితి మైనస్ 18 ఎల్‌కేఎఫ్‌ఎస్. ట్రూ పీక్ మైనస్ 1 డీబీ దాటకూడదు. దాటితే ఫైల్ వెనక్కి వస్తుంది. యూట్యూబ్‌లోనూ అతిగా సౌండ్ పెంచిన పాటను ప్లే చేసేటప్పుడు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు అదే తగ్గించేస్తుంది. అంటే లిమిటర్‌తో పాటను నలగ్గొట్టి సాధించేది ఏమీ ఉండదు. పైగా అన్నింటినీ ఒకే ఎత్తుకు నొక్కేస్తే దగ్గర, దూరం అనే తేడా పోతుంది. స్పేషియల్ మిక్స్‌కు ఆ తేడానే ప్రాణం.

ఇంకో పొరపాటు బేస్ విషయంలో జరుగుతుంది. 5.1, 7.1 అన్నప్పుడు చివరి ఆ ‘.1’ ఛానల్ లోతైన మోతకు కేటాయించింది. స్టీరియోకు మార్చేటప్పుడు ఆ ఛానల్‌ను సాధారణంగా వదిలేస్తారు. భేరీ మోత అంతా అందులోనే పెడితే ఫోన్‌లో వినేవాళ్లకు భేరీయే ఉండదు. అసలు మోత మామూలు ఛానళ్లలో ఉంచి, అందులో కొంచెం మాత్రమే కలపాలి.

ఎక్స్‌పోర్ట్ దగ్గర గుర్తుంచుకోవాల్సింది.. యూట్యూబ్‌కు అయితే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్. అట్మాస్‌కు అయితే ఏడీఎం బీడబ్ల్యూఎఫ్ అనే ఫైల్. ఈ ఫైల్ మామూలు ప్లేయర్‌లో సరిగా వినిపించదు. దాన్ని వాట్సాప్‌లో పంపి ఎలా ఉందో చెప్పమనడం దండగ. వినిపించడానికి బైనారల్ కాపీ విడిగా తీయాలి.

అప్‌లోడ్‌కు ముందు ఐదు పరీక్షలు

1. ఖరీదైన హెడ్‌ఫోన్ ఒక్కటే కాదు, ఫోన్‌తో వాడే మామూలు ఇయర్‌ఫోన్‌లోనూ వినాలి. చెవి ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. మిక్స్ చేసినవాళ్లకు వెనుక వినిపించింది మరొకరికి పక్కన వినిపించొచ్చు. కనీసం ముగ్గురితో వినిపించి, ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించమనాలి.

2. ఫోన్ స్పీకర్‌లో వినాలి. బస్టాండ్‌లో, పొలం గట్టు మీద, వంటింట్లో చాలామంది వినేది అలాగే. అక్కడ స్పేషియల్ ఎఫెక్ట్ తెలియదు. కానీ మాట, తాళం చెదరకూడదు.

3. మోనోలో వినాలి. రెండు ఛానళ్లు కలిపినప్పుడు ఏదైనా వాయిద్యం సన్నబడినా, మాయమైనా దాని స్థానం మార్చాలి.

4. పాత స్టీరియో మిక్స్‌తో ఒకే సౌండ్ లెవెల్‌లో పోల్చాలి. స్పేషియల్‌లో పాట బలహీనంగా ఉంటే వెనక్కి పెట్టిన వాటిని కొన్ని ముందుకు తేవాలి. రెండూ పోల్చాక స్టీరియోనే బాగుందనిపిస్తే స్టీరియోనే వదలాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

5. ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే వినాలి. అలసిపోయిన చెవికి దిక్కులు తెలియవు.

ఈ ఐదింట్లో ఫోన్ స్పీకర్ పరీక్షే అన్నింటికంటే ముఖ్యం. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకు పాట చుట్టూ పరచుకోవాలి, పెట్టుకోనివాళ్లకు పాట పాటలాగే ఉండాలి. ఈ రెండూ కుదిరితే మొదటి స్పేషియల్ మిక్స్ రెడీ అయినట్టే. ఒకేసారి పెద్ద ఆల్బమ్ పెట్టుకోకుండా.. ఓ గొంతు, ఓ డప్పు, ఓ కోరస్, కాస్త జనం గోలతో మూడు నిమిషాల పాట ఒకటి చేసి చూస్తే దారి దానంతట అదే తెలుస్తుంది.